తీపి కంకికి తీపి సాస్ దేనికి?

మేముండేది అమెరికాలో, కాన్సస్ సిటీ పక్కన, ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవు వచ్చిందంటే ఇక్కడ గ్రిల్లుల సీజన్ మొదలైనట్టే. సెప్టెంబర్‌లో లేబర్ డే దాకా వారం వారం ఎవరో ఒకరి పెరట్లో పొగ లేస్తూనే ఉంటుంది. మన తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు చికెన్ గురించి ఎంత చర్చ జరుగుతుందో చెప్పలేను. రాత్రే నానబెట్టాలా, పొద్దున నానబెడితే చాలా, పెరుగు వేయాలా వద్దా, లెగ్ పీసులు ఎంతసేపు, బ్రెస్ట్ ఎంతసేపు, ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మొక్కజొన్న కంకులకు మాత్రం ఆ మర్యాద దక్కదు. చికెన్ అంతా అయ్యాక, బొగ్గులు చల్లారిపోతున్నప్పుడు, ఫాయిల్‌లో చుట్టి ఓ మూలన పెడతారు. లేదంటే ముందే సీసాలో అమ్మే బార్బెక్యూ సాస్, అంటే నిప్పుల మీద కాల్చే వాటికి పూసే సాస్, దట్టంగా పూసేసి మంట మీద పడేస్తారు. మొదటి పద్ధతిలో కంకి ఉడుకుతుంది గానీ కాలదు. రెండో పద్ధతిలో సాస్ మాడుతుంది గానీ కంకి కాలదు.

నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. మన గుంపులో సగం మంది మాంసం ముట్టరు. కొందరు శనివారం తినరు, కొందరు శ్రావణమాసంలో తినరు, కొందరు అసలే తినరు. వాళ్లందరికీ ఆ రోజు గ్రిల్ మీద నుంచి దిగే అసలు వంటకం కంకే. దాన్ని మిగిలిన వేడి మీద, మిగిలిన సాస్‌తో కానిచ్చేయడం అంటే ఇంటికి పిలిచిన వాళ్లలో సగం మందికి మిగిలింది పెట్టడమే.

అందుకే ఇంత రాస్తున్నాను. నేను చెప్పేది ఒకటే. ఇక్కడ దొరికే కంకి అసలే తీపి. దానికి కావలసింది పులుపూ కారమూ ముందుండే పలచటి సాస్. అది ఇంట్లో కాచుకుంటేనే కుదురుతుంది, దాన్ని చిట్టచివర పూస్తేనే నిలబడుతుంది.

ముందు కంకి సంగతి. నేను పుట్టి పెరిగిన కరీంనగర్ వైపు వానాకాలంలో బండి మీద బొగ్గుల్లో కాల్చి ఇచ్చే మక్క కంకి, ఇక్కడ సూపర్ మార్కెట్లో అమ్మే స్వీట్ కార్న్, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ తిండి విషయంలో రెండూ వేరు. మన దగ్గర పండేదాంట్లో ఎక్కువ భాగం కోళ్ల దాణాకీ, స్టార్చ్ ఫ్యాక్టరీలకీ వెళ్లే గింజ మక్క. పాలు పట్టి, గట్టిపడే లోపు కోసిన కంకుల్నే మనం కాల్చుకు తింటాం. దాంట్లో చక్కెర తక్కువ, పిండి ఎక్కువ. నిప్పు తగిలితే ఆ పిండే కమ్మటి వాసన వేసి, పంటి కింద గట్టిగా, నమిలే కొద్దీ రుచి ఇస్తుంది.

స్వీట్ కార్న్ గింజలో పుట్టుకతోనే ఒక తేడా ఉంది. చక్కెర పిండిగా మారే దారిలో ఎక్కడో ఒక జన్యువు సరిగ్గా పనిచేయదు, అందుకే చక్కెర గింజలో పేరుకుంటుంది. పాత రకాల్లో, ఉదాహరణకు సిల్వర్ క్వీన్ అనే తెల్ల కంకిలో, ఈ తీపి కోశాక ఎక్కువసేపు నిలవదు. వేడి రోజున బయట పెడితే ఒక్క రోజులో సగం దాకా పోతుంది. ఇక్కడి పాతకాలం రైతులు నీళ్లు మరగబెట్టాకే చేలోకి వెళ్లి కంకి కోయమనేది అందుకే. 1950లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్‌నన్ అనే జన్యు శాస్త్రవేత్త ఇంకో జన్యువు సంగతి గమనించారు. ఎండితే గింజ ముడుచుకుపోయే రకం అది. దాన్నుంచి వచ్చినవే సూపర్ స్వీట్ రకాలు. వీటిలో చక్కెర పాత రకాల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ, పైగా కోశాక రోజుల తరబడి ఆ తీపి అలాగే ఉంటుంది. దూరం నుంచి లారీల్లో వచ్చి షాపులో కుప్ప పోసే కంకులు ఎక్కువగా ఇవే.

అంటే మన చేతికొచ్చేది ముప్పావు వంతు నీళ్లు, మిగిలిన దాంట్లో బోలెడు చక్కెర, కొంచెం పిండి. దీని మీద మనవాళ్లు ఏం పూస్తున్నారు? సీసాలోని బార్బెక్యూ సాస్. ఒక్కసారి ఆ సీసా వెనక్కి తిప్పి చూడండి. చాలా బ్రాండ్ల మీద మొట్టమొదటి పేరు హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్. దినుసుల జాబితాలో ఏది బరువెక్కువైతే అది ముందు రాయాలన్నది ఇక్కడి చట్టం, కాబట్టి ఆ సీసాలో టమాటా కన్నా సిరప్పే ఎక్కువన్నమాట. రెండు టేబుల్ స్పూన్ల సాస్‌లో 12 నుంచి 16 గ్రాముల చక్కెర ఉండటం మామూలు, అంటే మూడు నాలుగు చెంచాల పంచదార. ఆ సిరప్ దేంతో చేస్తారు? మొక్కజొన్న పిండితోనే. మొక్కజొన్న మీద మొక్కజొన్న పాకం పూసి కాల్చుకుంటున్నాం మనం. తీపికి తీపి తోడైతే నాలుకకు తెలిసేది ఏముంటుంది? రెండు కొరుకులకే మొహం మొత్తుతుంది. పిల్లలు సగం కంకి తిని పక్కన పెట్టేస్తే కంకి బాగాలేదేమో అనుకుంటాం. కంకి బాగానే ఉంటుంది, తేడా అంతా పైన పూసిన దాంట్లోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది, అది వంటకు సంబంధించింది. మామూలు పంచదార 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు మారడం మొదలుపెడుతుంది, ఆ సిరప్‌లో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర అయితే 110 దగ్గరే. నిప్పుల మీది కడ్డీలు ఎంత వేడిగా ఉంటాయి? 230, 260 డిగ్రీలు తేలిగ్గా ఉంటాయి. కాబట్టి ఆ సాస్ ముందే పూస్తే, కంకి గింజకు వేడి పట్టే లోపే పైపూత నల్లగా మాడి చేదెక్కుతుంది. చాలామంది ఆ నలుపు చూసి కాలింది అనుకుని దించేస్తారు, కొరికితే లోపల గింజ పచ్చిగా, చల్లగా తగులుతుంది.

కాన్సస్ సిటీలో ఉంటూ చిక్కటి తీపి సాస్‌ను కాదంటావా అని ఇక్కడి స్నేహితులు అడుగుతుంటారు. ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆ సాసే మరి. కానీ ఊరి కథ అక్కడ మొదలవలేదు. ఈ నగరపు బార్బెక్యూకి ఆద్యుడని చెప్పుకునే హెన్రీ పెర్రీ టెనసీ నుంచి వచ్చిన నల్లజాతి వంటవాడు. 1908 ప్రాంతంలో ఇక్కడి బట్టల ఫ్యాక్టరీల పేటలో, పొగలో కాల్చిన మాంసాన్ని వార్తాపత్రిక కాగితంలో చుట్టి కూలీలకు అమ్మేవాడు. ఆయన సాస్ గురించి ఎవరు చెప్పినా ఘాటు, కారం, మిరియాలు అనే చెబుతారు, తీపి అన్న మాటే రాదు. ఆయన తరువాత ఆ కొట్టు చార్లీ బ్రయంట్ చేతికి, ఆయన్నుంచి తమ్ముడు ఆర్థర్ బ్రయంట్ చేతికి వచ్చింది. ఆర్థర్ ఆ ఘాటును కాస్త తగ్గించాడంటారు. అయినా ఆ పేరుతో ఇప్పటికీ నడుస్తున్న హోటల్‌కి వెళ్లి అసలు సాస్ నాలుక మీద వేసుకుంటే మొదట తగిలేది వెనిగర్, తరువాత పాప్రికా (కారం తక్కువుండే మిరప పొడి), తీపి ఎక్కడో అడుగున ఉంటుంది. చిక్కగా, నల్లగా, మొలాసిస్‌తో (పంచదార తీశాక మిగిలే నల్ల పాకం) ఉండే సాస్‌ను దేశమంతా తిప్పింది 1970ల చివర్లో రిచ్ డేవిస్ అనే పిల్లల మానసిక వైద్యుడు మొదలుపెట్టిన కేసీ మాస్టర్‌పీస్ అనే బ్రాండ్. 1986లో దాన్ని క్లోరాక్స్ కంపెనీ కొనుక్కుంది. అలా సీసాలకెక్కిన తీపి, ఊరి పేరుకే అతుక్కుపోయింది. నేను అడుగుతున్నది ఈ ఊరి పాత రుచినే.

తూర్పున నార్త్ కరోలినాకి వెళ్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రాష్ట్రం తూర్పు వైపు బార్బెక్యూ సాస్ అంటే వెనిగర్, ఎండుమిర్చి, ఉప్పు, అంతే. టమాటా కూడా వేయరు. సౌత్ కరోలినాలో ఆవపిండితో పసుపు రంగులో చేస్తారు. అలబామాలో 1925లో మొదలైన బిగ్ బాబ్ గిబ్సన్ కొట్టువాళ్లు మయొనైజ్, వెనిగర్ కలిపి తెల్లగా చేస్తారు. ఈ సాస్‌లన్నింటిలోనూ పులుపే ముందుంటుంది. ఆవకాయ తిని పెరిగిన మనకి ఈ దారి ఎందుకు కొత్త కావాలి?

ఇక మనవాళ్ల నుంచి వచ్చే మాట. పోయిన ఏడాది మా మామయ్యగారు వచ్చినప్పుడు నేను గిన్నెలో సాస్ కాస్తుంటే చూసి, "కంకికి ఆ ఎర్ర రసమెందుకమ్మా? నిమ్మచెక్క, ఉప్పు, కారం ఉంటే చాలదా?" అన్నారు. "మన మక్క కంకికి చాలు మామయ్యా. ఇది మన కంకి కాదు" అన్నాను. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. నిమ్మా, ఉప్పూ, కారమూ అనేది మన రోడ్డు పక్కన ఎవరో తోచినట్టు కలిపేసింది కాదు. పిండి ఎక్కువున్న కంకికి అదే సరైన జోడీ. మెక్సికోలోనూ అంతే. అక్కడ బండ్ల మీద అమ్మే ఎలోటే మన కంకిలాగే తీపి తక్కువున్న, గింజ గట్టిగా ఉండే రకం. దానికీ నిమ్మ, కారమే, పైన మయొనైజ్, చీజ్ కూడా. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు దేశాల వీధుల్లో ఒకే రుచి కుదిరింది, ఎందుకంటే కంకి ఒకే తీరుది.

కానీ స్వీట్ కార్న్ మీద నిమ్మచెక్క రుద్ది చూడండి. గింజ పైన తోలు నున్నగా, తడిగా ఉంటుంది, రసం నిలవక చేతి మీదకి కారిపోతుంది. నిలిచినంత మేర, చక్కెరా నిమ్మా కలిసి షర్బత్ రుచి వస్తుంది. మన కంకిలో కాలిన పిండి ఇచ్చే ఆ కమ్మదనం, ఆ కొద్దిపాటి చేదు ఇందులో లేవు, నిమ్మకాయ వాటిని తేలేదు. అక్కడే టమాటా పనికొస్తుంది. బాగా వేగిన టమాటా ముద్దలో మాంసం పులుసులో ఉండేలాంటి గాఢత ఉంటుంది, మిరియాల్లో ఘాటు ఉంటుంది, కాలిన ఉల్లి, వెల్లుల్లిలో చేదుతో కలిసిన కమ్మదనం ఉంటుంది. కంకి ఇవ్వలేనిది సాస్ ఇస్తుంది. నిమ్మకాయ వద్దనడం లేదు, ఒంటరిగా అది చాలదంటున్నాను. హైదరాబాద్ మాల్స్‌లో కప్పులో పోసి ఇచ్చే స్వీట్ కార్న్‌లో వెన్నా మసాలా ఎంత దండిగా వేస్తారో గమనించే ఉంటారు, ఒట్టి నిమ్మరసంతో అది నడవదని ఆ అమ్మేవాళ్లకు బాగా తెలుసు.

సాస్ ఎలా కాయాలో చెబుతాను. ఎనిమిది కంకులకు సరిపడా లెక్క ఇది, ఇంకా మిగులుతుంది కూడా.

ఒక పెద్ద ఉల్లిపాయ తురమండి, ముక్కలు కోస్తే సాస్‌లో తగులుతాయి. దళసరి గిన్నెలో రెండు టేబుల్ స్పూన్ల నూనె పోసి ఉల్లి తురుము వేయండి. మొదట నీరొదిలి తెల్లగా ఉడుకుతుంది, కంగారుపడి మంట పెంచకండి. పది నిమిషాలకు నీరంతా పోయి అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడు నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, పచ్చివాసన పోగానే చిన్న డబ్బా టమాటా పేస్టు మొత్తం వేయండి, ఇక్కడ షాపుల్లో 6 ఔన్సుల డబ్బా దొరుకుతుంది, 170 గ్రాములు. అసలు పని ఇక్కడే. చాలామంది పేస్టు వేయగానే వెనిగర్, నీళ్లు పోసేస్తారు, సాస్ పచ్చి డబ్బా వాసన వేస్తుంది. కూరలో టమాటా ఎలా వేయిస్తామో అలాగే, నూనె పక్కలకు తేలేదాకా వేయించాలి. మెరిసే ఎరుపు పోయి ఇటుక రంగుకు తిరుగుతుంది, గరిటెకు ముద్దలా అంటుకుంటుంది, గిన్నె అడుగున అక్కడక్కడా కొంచెం పట్టుకుంటుంది. ఆ అడుగంటిందే రుచి, గీకి కలిపేయండి.

ఇప్పుడు పొడులు. వేయించి కొట్టిన జీలకర్ర పొడి ఒక చెంచా (టీ స్పూన్), మిరియాల పొడి చెంచాన్నర, ఆవపిండి ఒక చెంచా, గుంటూరు కారం రెండు చెంచాలు. స్మోక్డ్ పాప్రికా ఉంటే ఒక టేబుల్ స్పూన్, రంగుకూ పొగ వాసనకూ. పొడులు ముద్దలో అరనిమిషం వేగాక ముప్పావు కప్పు ఆపిల్ సైడర్ వెనిగర్ పోయండి. గిన్నె మీదకి వంగకండి, ఆ ఆవిరి కళ్లకూ ముక్కుకూ కొడుతుంది. తరువాత అరకప్పు నీళ్లు, ఉసిరికాయంత చింతపండు నానబెట్టి తీసిన రసం, ఒక టేబుల్ స్పూన్ బెల్లం, ఒక చెంచా ఉప్పు.

చింతపండు చూసి ఇది మనవాళ్ల ఫ్యూజన్ అనుకోకండి. అమెరికన్ ఇళ్లలో బార్బెక్యూ సాస్ చేసేటప్పుడు వూస్టర్‌షైర్ సాస్ వేస్తారు, దాని సీసా మీద చూస్తే చింతపండు ఉంటుంది. ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో లీ, పెరిన్స్ 1837లో అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ సాస్ నడుస్తోంది. చింతపండు, వెనిగర్, మొలాసిస్‌తో పాటు అందులో ఆంకోవీ చేపలు కూడా ఉంటాయి. ఇది మన శాకాహారులు చాలామందికి తెలియదు. సాస్‌లో మాంసం లేదు కదా అని తింటారు. అందుకే సీసా కొనేముందు, ఇంకొకరింట్లో సాస్ తినేముందు వూస్టర్‌షైర్ ఉందేమో అడగండి. మన గిన్నెలో చేప తీసేసి చింతపండును ఉంచుతున్నాం. పులుపుకి పులుపు, లోతుకి లోతు, ఎవరికీ ఇబ్బంది లేదు.

బెల్లం ఎందుకు మరి, తీపి వద్దంటిని కదా? తగుమాత్రం తీపి లేకపోతే వెనిగర్, చింతపండు గొంతులో గుచ్చుకుంటాయి. పులుసులో చిటికెడు బెల్లం వేసే ఇళ్లవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మొత్తం గిన్నెకు ఒక టేబుల్ స్పూన్ అంటే సీసా సాస్‌తో పోలిస్తే ఏమీ కాదు. నల్ల బెల్లం దొరికితే ఇంకా మంచిది, మొలాసిస్ చేసే పనే చేస్తుంది.

సన్నటి మంట మీద ఇరవై నిమిషాలు, అప్పుడప్పుడూ కలుపుతూ. గరిటె ముంచి తీస్తే వెనకవైపు పట్టుకుని నెమ్మదిగా జారాలి. సీసా సాస్‌లా ముద్దగా కాకూడదు. చిక్కటి సాస్ గింజల నెత్తి మీద కూర్చుంటుంది, పలచటిదైతే వరసల మధ్యకి దిగుతుంది. కొరికినప్పుడు రుచంతా ఆ సందుల్లోంచే వస్తుంది. చిక్కబడితే కాసిన్ని వేడినీళ్లు పోసి సరిచేయండి. వీలైతే ఒక రోజు ముందే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మర్నాటికి వెనిగర్ ఘాటు తగ్గి అన్నీ కలిసిపోతాయి. మిగిలింది సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు వారాలు నిలుస్తుంది.

కంకులు కొనేటప్పుడు షాపులో ఒక్కో కంకి పై ఆకులు సగం ఒలిచి చూసి మళ్లీ కుప్పలో పడేయడం మనవాళ్లూ చేస్తున్నారు, అమెరికన్లూ చేస్తున్నారు. దయచేసి మానండి. ఆకు ఒలిచిన కంకి గింజ ఎండిపోతుంది, ఇంకెవరూ కొనరు, పాపం అది చెత్తబుట్టకే. ఒలవకుండానే తెలుసుకోవచ్చు. కొసన పీచు గోధుమ రంగులో, కొంచెం జిగటగా ఉండాలి, పొడిగా నల్లబడితే పాతది. కాడ కోసిన చోట తడి ఉండాలి. ఆకుల మీద నుంచే బొటనవేలితో కొసదాకా తడిమితే గింజలు నిండాయో లేదో తెలిసిపోతుంది. జులై వస్తే ఇక్కడ రైతుల సంతల్లో పక్క ఊళ్ల కంకులు దొరుకుతాయి, ఆగస్టు దాకా ఉంటాయి. ఆ రెండు నెలలూ సూపర్ మార్కెట్ జోలికి పోనక్కర్లేదు.

నిప్పుకి బొగ్గే మేలు, అయితే గ్యాస్ గ్రిల్ ఉన్నవాళ్లు ఆగిపోనక్కర్లేదు, బాగా వేడెక్కనిస్తే చాలు. బొగ్గు మీద పోసి అంటించే ఆ లిక్విడ్ మాత్రం వాడకండి, కంకి తోలు పలచన, కిరసనాయిల్ లాంటి ఆ కంపు ఇట్టే పట్టేస్తుంది. చిమ్నీ అని ఇనుప గొట్టం అమ్ముతారు, అడుగున పేపరు ఉండలు పెట్టి అంటిస్తే ఇరవై నిమిషాల్లో బొగ్గు మీద తెల్లటి బూడిద పూత వస్తుంది. అన్నీ ఒకవైపుకే నెట్టండి, ఇంకోవైపు ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ చోటు తరువాత పనికొస్తుంది.

పై ఆకులతోనే నీళ్లలో నానబెట్టి కాల్చాలని ఇక్కడ చాలామంది వాదిస్తారు. ఆకు చుట్టి ఉన్నంతసేపు లోపల జరిగేది ఆవిరి మీద ఉడకడం. మెత్తగా, రసంగా వస్తుంది, నిజమే. కానీ ఆ పనికి బొగ్గులు ఎందుకు, కుక్కర్ ఉంది కదా? ఫాయిల్ కూడా అంతే. మన బండివాళ్లు ఆకులన్నీ ఒలిచి, కంకిని నేరుగా నిప్పుల మీద పెట్టి, విసనకర్రతో విసురుతూ తిప్పుతూ కాలుస్తారు. స్వీట్ కార్న్‌కి రుద్దే నిమ్మకాయ విషయంలో మన వీధితో విభేదించాను గానీ, కాల్చే విషయంలో మన వీధిదే సరైన దారి. నీళ్లెక్కువున్న గింజ కాబట్టి దీనికి ఆ నేరు మంట ఇంకా అవసరం. పైనున్న తడి త్వరగా ఎగిరిపోతేనే రంగు తిరుగుతుంది.

ఆకులూ పీచూ మొత్తం తీసేసి, కంకికి నెయ్యి పలచగా రాయండి. వెన్న ఇప్పుడే వద్దు, అందులోని పాల విరుగుడు మాడుతుంది. కాచిన నెయ్యిలో అది ఉండదు కాబట్టి ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. ఉప్పు, కారం, మసాలా ఏదీ ఇప్పుడు చల్లకండి. గింజ తోలులోంచి అవి లోపలికి దిగవు, పైన ఉండి మాడిపోతాయి, మాడిన కారం పొగకి పక్కింటివాళ్లు కూడా దగ్గుతారు. నిప్పుల మీద పెట్టి రెండు నిమిషాలకొకసారి పావు వంతు తిప్పుతూ ఉండండి. మొదట గింజల రంగు ముదురుతుంది, లేత పసుపు కాస్తా పండు పసుపు అవుతుంది. తరువాత చిటపటమని ఒకటి రెండు గింజలు పేలతాయి. అప్పుడు మచ్చలు మొదలవుతాయి, గోధుమ రంగు, కొన్నిచోట్ల నలుపు. ఎనిమిది పది నిమిషాల్లో కంకి నిండా అలాంటి మచ్చలు పడాలి. నల్ల మచ్చలు కొన్ని ఉండాలి, భయపడకండి. తీపికి ఆ చేదు అంచు కావాలి.

అప్పుడు కంకుల్ని ఖాళీ వైపుకి జరపండి. బ్రష్‌తో సాస్ పూయండి, వరసల వెంట పొడుగ్గా పూస్తే సందుల్లోకి దిగుతుంది. మూత పెట్టి ఒక నిమిషం, తిప్పి మళ్లీ పూసి ఇంకో నిమిషం. నేరు మంట లేదు కాబట్టి మాడదు, తడి ఆరి మెరుపు తేలుతుంది. దించి పళ్లెంలో పెట్టాక మూడోసారి పలచగా పూయండి. ఇది కాలని సాస్, వెనిగర్ రుచి ఇంకా చురుగ్గా ఉంటుంది. కింద వేగిన సాస్, పైన పచ్చి సాస్ రెండూ ఒకే కొరుకులో తగలడం బాగుంటుంది. ఆ వేడి మీదే ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, మిరియాలు కలిపి చల్లండి. నిమ్మచెక్కలు పక్కన పెట్టండి, కావలసినవాళ్లు పిండుకుంటారు. మా మామయ్యగారు సాస్ పూసిన కంకి మీద కూడా నిమ్మచెక్క రుద్దుకునే తిన్నారు, రెండోది అడిగారు.

పిల్లలకి కారం సంగతి అడుగుతారు. గుంటూరు కారం తగ్గించి పాప్రికా పెంచండి, వెనిగర్ మాత్రం తగ్గించకండి. పులుపు పిల్లలకి ఇష్టమే, మామిడికాయ ముక్కకి ఉప్పు అద్దుకుని తినే వయసే కదా. తీపి సాస్‌కి అలవాటుపడినవాళ్లు మొదటి కొరుకులో కొంచెం తడబడతారు, కంకి తీపి అప్పుడే బయటికొస్తుంది, ఇక వాళ్లను ఆపక్కర్లేదు.

పార్కుల్లో కలిసేవాళ్లకి ఇంకో మాట. అక్కడి గ్రిల్ కడ్డీల మీద ముందు ఎవరు ఏం కాల్చారో మనకి తెలియదు. శాకాహారులు మొహమాటంతో అడగరు, తినకుండా పక్కన కూర్చుంటారు. కంకుల కోసం విడిగా ఒక చిన్న గ్రిల్ తీసుకెళ్లండి, పెద్ద ఖర్చేమీ కాదు. అది కుదరకపోతే మరో కడ్డీల పళ్లెం తెచ్చుకోండి. బ్రష్ కూడా వేరేది ఉండాలి, సాస్ గిన్నె కూడా. చికెన్‌కి పూసిన బ్రష్‌ను అదే గిన్నెలో ముంచితే మిగతా జాగ్రత్తలన్నీ దండగ. కంకులే ముందు కాల్చండి, బొగ్గు మంచి వేడి మీద ఉన్నప్పుడు. చికెన్ ఎలాగూ నిదానమైన వేడి మీద ఎక్కువసేపు ఉండాల్సిందే కాబట్టి దానికి తొందరేమీ లేదు. మాంసం తినేవాళ్లు కూడా ఆ పది నిమిషాలు కంకులు తింటూ ఆగుతారు.

మిగిలిన కంకులుంటే గింజలు కత్తితో దించి డబ్బాలో పెట్టుకోండి. మర్నాడు ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి పోపులో ఆ గింజలు వేసి ఒక చెంచా సాస్ కలిపి, వేడి అన్నంలో గానీ రొట్టెలో గానీ పెట్టుకుంటే ఇంకో కూర అక్కర్లేదు. బెండ్లు పారేయకండి, నీళ్లలో అరగంట మరిగిస్తే తీయటి చారునీళ్లు వస్తాయి, టమాటా చారుకి ఆ నీళ్లే వాడండి.